మోటారు విడిభాగాల పరిశ్రమకు మార్గదర్శి రాబర్ట్ బాష్

మోటారు వాహనాల చరిత్రలో బెంజ్, డైమ్లర్, ఫోర్డ్ వంటి వాహన నిర్మాతల పేర్లు అందరికీ సుపరిచితమే. ఆ వాహనాలను నడిపించే విడిభాగాలను తయారుచేసిన వారి పేర్లు మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. ఇంజనులోని ఇంధనాన్ని రగిలించే చిన్న నిప్పురవ్వ సకాలంలో పుట్టకపోతే ఎంత ఖరీదైన కారైనా ఉన్నచోటు నుంచి కదలదు. ఆ నిప్పురవ్వను నమ్మకంగా పుట్టించే సాధనాన్ని వాహనాలకు అందించి, విడిభాగాల తయారీని ఒక స్వతంత్ర పరిశ్రమగా నిలబెట్టిన వారిలో అగ్రగణ్యుడు జర్మనీ దేశానికి చెందిన ఇంజనీరు, పారిశ్రామికవేత్త రాబర్ట్ బాష్.

1886లో ఇద్దరు సహాయకులతో ఆయన ప్రారంభించిన చిన్న వర్క్‌షాపు కాలక్రమంలో వాహన విడిభాగాల తయారీలో ప్రపంచంలోని అతి పెద్ద సంస్థలలో ఒకటిగా ఎదిగింది. మన దేశంలో లారీలు, ట్రాక్టర్లు నడిపేవారికీ, వాటిని బాగుచేసే వారికీ చిరపరిచితమైన ‘మైకో’ పేరు వెనుక ఉన్నది కూడా ఈ సంస్థే.

బాష్ స్వతహాగా గొప్ప ఆవిష్కర్త కారు. ఆయన సంస్థకు కీర్తి తెచ్చిన ముఖ్యమైన ఆవిష్కరణలను చేసినవారు ఆయన వద్ద పనిచేసిన ఇంజనీర్లు, మెకానిక్కులు. సమర్థులను గుర్తించడం, వారికి తగిన శిక్షణ, వేతనం, స్వేచ్ఛ ఇవ్వడం, నాణ్యత విషయంలో రాజీ పడకపోవడం బాష్ ప్రత్యేకతలు. డబ్బు పోయినా ఫరవాలేదు గాని, కొనుగోలుదారుల నమ్మకం పోగొట్టుకోరాదన్నది ఆయన జీవితాంతం పాటించిన వ్యాపార సూత్రం.

బాల్యం - విద్యాభ్యాసం

రాబర్ట్ బాష్ 1861 సెప్టెంబరు 23న దక్షిణ జర్మనీలోని ఉల్మ్ నగర సమీపాన గల ఆల్బెక్ గ్రామంలో జన్మించారు. పన్నెండుమంది సంతానంలో ఆయన పదకొండవవారు. తండ్రి సెర్వాటియస్ బాష్ వ్యవసాయం చేస్తూ, బాటసారుల కోసం ఒక సత్రపు హోటలును నడిపేవారు. చదువు పట్ల ఆసక్తి, స్వతంత్ర భావాలు గల వ్యక్తి. రైలు మార్గాలు వచ్చి రహదారి ప్రయాణాలు తగ్గుముఖం పట్టిన రోజులలో ఆ కుటుంబం గ్రామంలోని ఆస్తిని విక్రయించి 1869లో ఉల్మ్ నగరానికి తరలివెళ్ళింది. కొత్త వాహనం వస్తే పాత జీవనోపాధి ఎలా మారిపోతుందో బాష్ ఎనిమిదేళ్ళ ప్రాయంలోనే తన ఇంట చూశారు.

పాఠశాల విద్య పూర్తి కాగానే 1876లో ఆయన ఉల్మ్‌లో ఒక సూక్ష్మ యంత్ర పరికరాల నిపుణుని వద్ద అప్రెంటీస్‌గా చేరారు. మూడేళ్ళ ఆ శిక్షణ ఆయనకు సంతృప్తి నివ్వలేదు. పని నేర్పవలసిన యజమాని శిక్షణపై తగినంత శ్రద్ధ చూపలేదని ఆయన తరువాతి కాలంలో గుర్తుచేసుకునేవారు. శ్రద్ధగా నేర్పేవారు లేకపోతే యువకుని విలువైన సంవత్సరాలు ఎలా వృథా అవుతాయో స్వయంగా అనుభవించిన బాష్, తాను యజమాని అయిన తరువాత అప్రెంటీస్‌ల శిక్షణకు విశేష ప్రాధాన్యం ఇచ్చారు.

దేశాటనం

శిక్షణ అనంతరం బాష్ జర్మనీలోని పలు సంస్థలలో పనిచేశారు. ఆనాడు విద్యుత్తు నూతన శాస్త్రం. దానిని శాస్త్రీయంగా తెలుసుకోవాలన్న కోరికతో స్టుట్‌గార్ట్‌లోని సాంకేతిక విద్యా సంస్థలో కొద్దికాలం పాటు తరగతులకు హాజరయ్యారు. పట్టా కోసం కాక, చేతిపని వెనుక ఉన్న సూత్రాలను గ్రహించడానికే ఆయన ఆ చదువుకు పూనుకున్నారు.

1884లో ఆయన అమెరికా వెళ్ళి న్యూయార్క్‌లో థామస్ ఆల్వా ఎడిసన్ సంస్థలో పనిచేశారు. ఆ మరుసటి సంవత్సరం ఇంగ్లండు చేరుకుని సీమెన్స్ సంస్థలో ఉద్యోగం చేశారు. ఈ రెండు దేశాల అనుభవం ఆయనకు విద్యుత్ పరికరాల తయారీలో మెలకువలతో పాటు, కార్మికుల జీవన పరిస్థితులపై అవగాహనను కూడా కలిగించింది. పారిశ్రామిక ప్రగతి ఫలాలు పనిచేసే వారికి కూడా అందాలన్న ఆలోచన ఆయనలో ఈ కాలంలోనే బలపడింది.

స్టుట్‌గార్ట్‌లో వర్క్‌షాపు

స్వదేశానికి తిరిగి వచ్చిన బాష్ 1886 నవంబరు 15న స్టుట్‌గార్ట్ నగరంలో ఒక ఇంటి వెనుక భాగంలో ‘సూక్ష్మ యంత్ర, విద్యుత్ పరికరాల వర్క్‌షాపు’ను ప్రారంభించారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై అయిదు సంవత్సరాలు. పెట్టుబడి పది వేల మార్కులు. అందులో అధిక భాగం తండ్రి నుంచి సంక్రమించిన వారసత్వపు సొమ్ము. ఒక మెకానిక్కు, చిల్లర పనులు చేసే ఒక కుర్రవాడు ఆయన సిబ్బంది.

టెలిఫోన్లు, విద్యుత్ గంటలు అమర్చడం, రకరకాల చిన్న పరికరాలను తయారుచేయడం, మరమ్మతులు చేయడం మొదటి రోజులలో వర్క్‌షాపు పనులు. వచ్చిన పని ఏదైనా కాదనకుండా చేయవలసిన పరిస్థితి. పనులు జరిగే చోట్లను పర్యవేక్షించేందుకు బాష్ 1890లో ఒక సైకిలు సమకూర్చుకున్నారు. ఆ రోజులలో నగర వీధులలో సైకిలు వింతగానే ఉండేది.

తొలి పదేళ్ళూ ఒడుదొడుకులతోనే గడిచాయి. ఒక దశలో అప్పుల భారం పెరిగి, సిబ్బందిలో చాలామందిని తొలగించవలసి వచ్చింది. కుటుంబ సభ్యుల ఆర్థిక సహాయంతో ఆయన ఎలాగో నిలదొక్కుకున్నారు. అంతటి ఇబ్బందిలోనూ నాసిరకం సరుకు తయారుచేసి చౌకగా అమ్మేందుకు ఆయన అంగీకరించలేదు. తన వస్తువును పరీక్షించిన వారెవరైనా అది తక్కువ రకమని అనగలరన్న ఊహనే తాను భరించలేనని ఆయన చెప్పుకునేవారు.

మాగ్నెటోతో మలుపు

1887లో ఒక కొనుగోలుదారు తన గ్యాస్ ఇంజనుకు మాగ్నెటో అమర్చగలరా అని బాష్‌ను అడిగారు. అటువంటి పరికరం ఒకటి సమీపంలోని షోర్న్‌డార్ఫ్ పట్టణంలో ఉన్నదని తెలిసి బాష్ వెళ్ళి పరిశీలించారు. దానిపై పేటెంటు హక్కులు లేవని నిర్ధారించుకున్న తరువాతనే దానిని మరింత మెరుగుపరచి తయారుచేసి ఇచ్చారు. సంస్థ భవిష్యత్తును నిర్ణయించినది ఈ చిన్న ఆర్డరే.

మాగ్నెటో పనిచేసే తీరు సులభంగానే అర్థమవుతుంది. బలమైన అయస్కాంతపు ధ్రువాల మధ్య తీగచుట్ట కదలినప్పుడు అందులో విద్యుత్తు పుడుతుంది. ఆ విద్యుత్ మార్గాన్ని సరైన క్షణంలో తెంచితే తెగిన చోట నిప్పురవ్వ ఎగురుతుంది. సిలిండరులోని ఇంధనపు ఆవిరి, గాలి మిశ్రమం ఆ రవ్వతో మండి ఇంజను నడుస్తుంది. దీనికి బ్యాటరీతో నిమిత్తం లేదు. ఇంజను తిరుగుతున్నంతసేపూ రవ్వ పుడుతూనే ఉంటుంది.

తొలినాటి మోటారు వాహనాలలో ఇంధనాన్ని రగిలించడం పెద్ద సమస్య. మంటతో ఎర్రగా కాల్చిన గొట్టాన్ని కొందరు వాడేవారు. పెట్రోలు పక్కనే మంట వెలుగుతుండడం ప్రమాదకరం. మరికొందరు బ్యాటరీలను వాడేవారు. అవి త్వరగా నీరసించిపోయి వాహనం దారిలోనే నిలిచిపోయేది. మోటారు వాహన నిర్మాణంలో అగ్రగాములలో ఒకరైన కార్ల్ బెంజ్ ఇంధనాన్ని రగిలించడాన్ని సమస్యలన్నింటిలోకీ పెద్ద సమస్యగా పేర్కొన్నారంటే దాని తీవ్రత అర్థం చేసుకోవచ్చు.

1897లో ఫ్రెడరిక్ సిమ్స్ అనే ఇంగ్లండు వ్యాపారవేత్త ఫ్రాన్సు దేశపు ‘డి డియన్ బూటన్’ మూడు చక్రాల బండి ఒకటి తెప్పించి, దానికి మాగ్నెటో అమర్చవలసిందిగా బాష్‌ను కోరారు. ఇక్కడ చిక్కు వచ్చింది. ఒకే చోట నిలిపి నడిపే గ్యాస్ ఇంజన్లు నిమిషానికి రెండు వందల చుట్లకు అటూ ఇటూగా తిరిగేవి. ఈ బండి ఇంజను నిమిషానికి పదిహేను వందలకు పైగా చుట్లు తిరుగుతుంది. అంత వేగంతో ముందుకూ వెనుకకూ ఊగడానికి మాగ్నెటోలోని బరువైన ఆర్మేచరు పనికిరాలేదు.

బాష్ వద్ద పనిచేసే ఆర్నాల్డ్ జేరింగర్ ఇందుకు పరిష్కారం కనుగొన్నారు. బరువైన ఆర్మేచరును కదలకుండా ఉంచి, దానికీ అయస్కాంతాలకూ నడుమ ఒక తేలికైన లోహపు తొడుగును ఊగేలా అమర్చారు. మాగ్నెటో అంత వేగానికి తట్టుకునేలా తయారైంది. ఆ విధంగా వాహనాలకు అమర్చదగిన నమ్మకమైన మాగ్నెటో ఒక మెకానిక్కు ఆలోచన నుంచి పుట్టింది. డైమ్లర్ సంస్థతో మొదలై యూరపులోని వాహన నిర్మాతలు ఒకరి వెంట ఒకరు దీనిని స్వీకరించారు.

స్పార్క్ ప్లగ్ ఆగమనం

జేరింగర్ పద్ధతికి కూడా పరిమితులు ఉన్నాయి. రవ్వను పుట్టించే మీటలు, కడ్డీలు సిలిండరు లోపల ఉండేవి. అవి త్వరగా అరిగిపోయేవి. తరచూ సరిచేయవలసి వచ్చేది. ఇంజన్ల వేగం ఇంకా పెరుగుతుండడంతో కొత్త మార్గం అన్వేషించే బాధ్యతను బాష్ యువ ఇంజనీరు గాట్లోబ్ హోనోల్డ్‌కు అప్పగించారు. హోనోల్డ్ ఒకప్పుడు ఇదే వర్క్‌షాపులో అప్రెంటీస్‌గా పని నేర్చుకుని, తరువాత సాంకేతిక విద్య పూర్తి చేసి తిరిగి చేరినవారు కావడం విశేషం.

హోనోల్డ్ ఆర్మేచరుపై రెండు తీగచుట్టలను అమర్చారు. మొదటి చుట్టలో పుట్టిన విద్యుత్తు ఒక్కసారిగా తెగినప్పుడు, వేల చుట్లు గల రెండవ చుట్టలో అత్యధిక వోల్టేజి ఉత్పన్నమవుతుంది. ఈ వోల్టేజి ఒక తీగ గుండా ప్రయాణించి, సిలిండరులోకి బిగించిన ప్లగ్ కొనల మధ్యనున్న సన్నని ఖాళీని దాటుతూ నిప్పురవ్వగా మారుతుంది. సిలిండరు లోపల కదిలే భాగాల అవసరమే లేకుండా పోయింది. 1902లో ఈ అధిక వోల్టేజి మాగ్నెటో, దానితోపాటు స్పార్క్ ప్లగ్ విడుదలయ్యాయి. స్పార్క్ ప్లగ్ ఆలోచన అంతకుముందే ఉన్నప్పటికీ, రోజువారీ వాడకంలో నమ్మదగిన వ్యవస్థగా అది రూపొందినది ఇక్కడే. నేటికీ పెట్రోలు వాహనాలలో రవ్వ పుట్టే మూలసూత్రం ఇదే.

దీనితో సంస్థ ఎదుగుదల వేగవంతమైంది. 1898లో ఇంగ్లండులో, ఆ మరుసటి సంవత్సరం ఫ్రాన్సులో, 1906లో అమెరికాలో విక్రయ కార్యాలయాలు వెలిశాయి. 1906లో లక్షవ మాగ్నెటో, 1912లో పది లక్షలవ మాగ్నెటో తయారయ్యాయి. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు సంస్థ రాబడిలో అయిదింట నాలుగు వంతులకు పైగా విదేశాల నుంచే వచ్చేది. 1913లో హెడ్‌లైట్లు, డైనమో, రెగ్యులేటరు, బ్యాటరీలతో కూడిన విద్యుద్దీపాల వ్యవస్థను సంస్థ ప్రవేశపెట్టింది. ఆ తరువాత స్టార్టరు, 1921లో హారన్, 1926లో వైపరు వచ్చాయి. ఈ విధంగా కారు ముందు అద్దం నుంచి ఇంజను వరకు ఒక్కొక్క భాగమే బాష్ కర్మాగారాల నుంచి రూపుదిద్దుకుని బయటకు వచ్చింది.

కార్మిక సంక్షేమం

రోజుకు పది గంటలు, అంతకుమించి పనిచేయించడం సాధారణమైన ఆ రోజులలో బాష్ 1906లో తన కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినాన్ని అమలులోకి తెచ్చారు. జర్మనీలో ఈ విధానాన్ని ప్రవేశపెట్టిన తొలి పారిశ్రామికవేత్తలలో ఆయన ఒకరు. 1910లో శనివారం మధ్యాహ్నం సెలవు ప్రకటించారు. సాటి యజమానులకు ఇది కంటగింపుగా మారింది. వారు ఆయనను ‘ఎర్ర బాష్’ అని ఎగతాళి చేశారు.

బాష్ దీనిని దానధర్మంగా భావించలేదు. అలసిపోని కార్మికుడు తప్పులు తక్కువగా చేస్తాడు. తప్పులు తగ్గితే నాణ్యత పెరుగుతుంది. రోజుకు ఎనిమిది గంటల చొప్పున రెండు షిఫ్టులు నడిపితే యంత్రాలు మొత్తం పదహారు గంటలు పనిచేస్తాయి. కార్మికునికి విశ్రాంతి, యజమానికి ఉత్పత్తి రెండూ సమకూరుతాయి. మంచి వేతనాలు ఇవ్వడం వల్లనే తాను ధనవంతుణ్ణి అయ్యానన్నది ఆయన వాదన.

పొదుపు విషయంలో మాత్రం ఆయన కఠినంగా ఉండేవారు. అవసరం లేని చోట దీపం వెలుగుతుంటే ఆర్పివేసేవారు. ఒకసారి కార్యాలయంలో నేలపై పడివున్న కాగితాల క్లిప్పును తీసి, ఇదేమిటని ఉద్యోగిని ప్రశ్నించారట. క్లిప్పు అని అతడు జవాబివ్వగా, కాదు, ఇది నా డబ్బు అన్నారని సంస్థలో ఒక కథ ప్రచారంలో ఉంది.

యజమాని, కార్మికుల సంబంధాలు ఎల్లప్పుడూ సాఫీగా సాగాయని చెప్పలేము. 1913లో కర్మాగారంలో పెద్ద సమ్మె జరిగింది. దీనితో కలత చెందిన బాష్, అప్పటివరకు దూరంగా ఉంచిన యజమానుల సంఘంలో చేరారు. అయినప్పటికీ కార్మికులకు కల్పించిన సౌకర్యాలను ఉపసంహరించుకోలేదు. అదే సంవత్సరం సంస్థలో అప్రెంటీస్‌ల కోసం ప్రత్యేక శిక్షణ విభాగాన్ని నెలకొల్పారు. బాల్యంలో తనకు దక్కని సక్రమ శిక్షణ తన వద్దకు వచ్చే పిల్లలకు దక్కాలన్న ఆకాంక్ష ఆ విధంగా నెరవేరింది. 1929లో ఉద్యోగుల వృద్ధాప్య భద్రత కోసం ఒక సహాయ నిధిని ఏర్పరచారు.

యుద్ధం తెచ్చిన లాభం - నష్టం

1914లో మొదలైన మొదటి ప్రపంచ యుద్ధం బాష్ జీవితంలో ఒక నైతిక పరీక్షగా పరిణమించింది. విదేశీ మార్కెట్లు చేజారాయి. అమెరికాలోని ఆస్తులు, పేటెంట్లు శత్రుదేశపు ఆస్తిగా జప్తు అయ్యాయి. అదే సమయంలో జర్మన్ సైన్యానికి అవసరమైన పరికరాల తయారీ వల్ల సంస్థకు భారీగా లాభాలు వచ్చాయి. యువకుల మరణాలతో ముడిపడిన ఆ ధనాన్ని ఉంచుకోవడానికి ఆయన మనస్సు అంగీకరించలేదు. అనేక లక్షల మార్కులను ప్రజాహిత కార్యక్రమాలకు విరాళంగా ఇచ్చారు. నెకర్ నదిని నౌకాయానానికి అనువుగా తీర్చిదిద్దే కాలువ పథకానికి అందులో ప్రధాన భాగం దక్కింది. అంతకుముందే 1910లో స్టుట్‌గార్ట్ సాంకేతిక విద్యా సంస్థకు పది లక్షల మార్కుల విరాళం అందించారు. పట్టా తీసుకోకుండానే తరగతి గది విడిచిన ఆయనకు ఇంజనీరింగులో గౌరవ డాక్టరేటు లభించింది.

కుటుంబ జీవితంలోనూ విషాదం తప్పలేదు. తన తరువాత సంస్థ పగ్గాలు చేపడతాడని ఆశించిన కుమారుడు దీర్ఘకాలిక నరాల వ్యాధితో 1921లో కన్నుమూశాడు. సంస్థను వ్యక్తికీ, వారసత్వానికీ అతీతంగా ఎలా నిలపాలన్న ప్రశ్న అప్పటి నుంచి ఆయనను వెంటాడింది.

డీజిల్ పంపు

పెట్రోలు ఇంజనుకు రవ్వ కావాలి. డీజిల్ ఇంజనుకు ఆ అవసరం లేదు. సిలిండరులో గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే ఇంధనం మండుతుంది. అంటే, మాగ్నెటోపై ఆధారపడిన సంస్థకు డీజిల్ ఇంజను పోటీదారు. పోటీని చూసి భయపడడానికి బదులు, డీజిల్ ఇంజనుకు అవసరమైన భాగాన్ని కూడా తామే తయారుచేయాలని బాష్ నిర్ణయించారు. 1922లో పరిశోధన ప్రారంభమైంది.

ఆ భాగం ఇంధనాన్ని చిమ్మే ఇంజక్షన్ పంపు. అతి తక్కువ పరిమాణంలోని ఇంధనాన్ని, అత్యధిక పీడనంతో, సరైన క్షణంలో, ప్రతి సిలిండరుకూ సమానంగా పంపాలి. పంపులోని ప్లంజరుకూ, అది కదిలే గొట్టానికీ మధ్య ఖాళీ మిల్లీమీటరులో వేయవ వంతుల లెక్కన ఉండాలి. ఏమాత్రం ఎక్కువైనా ఇంధనం కారిపోతుంది. తక్కువైతే ప్లంజరు పట్టేస్తుంది. మాగ్నెటో తయారీలో పాతికేళ్ళకు పైగా సాధించిన సూక్ష్మత ఇక్కడ ఉపకరించింది. 1927 నాటికి పంపు పెద్దఎత్తున ఉత్పత్తికి సిద్ధమైంది. అంతవరకు ఎక్కువగా కర్మాగారాలకు, ఓడలకు పరిమితమైన డీజిల్ ఇంజను లారీలు, బస్సులు, ట్రాక్టర్లలోకి విస్తరించడానికి ఈ పంపు బాటలు వేసింది.

1926 ప్రాంతంలో జర్మనీ మోటారు పరిశ్రమ తీవ్ర సంక్షోభంలో చిక్కుకుంది. ఉద్యోగులను తగ్గించుకోవలసిన పరిస్థితి ఏర్పడింది. ఒకే పరిశ్రమపై ఆధారపడడం క్షేమం కాదని గ్రహించిన సంస్థ విద్యుత్ పనిముట్లు, గ్యాస్ పరికరాలు, 1933లో రిఫ్రిజిరేటర్ల తయారీకి కూడా పూనుకుంది.

చీకటి సంవత్సరాలు

బాష్ ప్రజాస్వామ్యవాది. జర్మనీ, ఫ్రాన్సుల మధ్య సయోధ్య కోసం, ఐరోపా దేశాల ఐక్యత కోసం కృషి చేసినవారు. 1933లో హిట్లరు అధికారంలోకి రావడంతో ఆయన ఆశలు అడుగంటాయి. ఈ కాలంలో సంస్థ చరిత్ర రెండు పార్శ్వాలు కలది. ఒకవైపు బాష్, ఆయన ముఖ్య సహచరుడు హన్స్ వాల్జ్ వేధింపులకు గురవుతున్న యూదులకు రహస్యంగా సహాయం అందించారు. ప్రభుత్వ వ్యతిరేక పోరాటంలో ప్రముఖుడైన కార్ల్ గోర్డెలర్‌కు సంస్థ సలహాదారు పదవి ఇచ్చి అండగా నిలిచారు. గోర్డెలర్‌ను నాజీ ప్రభుత్వం 1945లో ఉరితీసింది. హన్స్ వాల్జ్‌ను ఇజ్రాయెల్ దేశం 1969లో యూదులను కాపాడిన పుణ్యపురుషుల జాబితాలో చేర్చి గౌరవించింది.

మరోవైపు అదే సంస్థ హిట్లరు సైన్యానికి విస్తారంగా పరికరాలు సరఫరా చేసింది. యుద్ధకాలంలో నిర్బంధ కార్మికులు, యుద్ధ ఖైదీలు, నిర్బంధ శిబిరాల నుంచి తెచ్చినవారు కలిసి సుమారు ఇరవై వేలమంది ఆ కర్మాగారాలలో బలవంతపు చాకిరీ చేశారు. ఎనిమిది గంటల పనిదినానికి పేరుపొందిన సంస్థ చరిత్రలో ఇది చెరగని మచ్చ. సదాశయం గల యజమాని ఉన్నంత మాత్రాన అధర్మపు పాలనలో పరిశ్రమ నిష్కళంకంగా మిగలజాలదని ఈ అధ్యాయం హెచ్చరిస్తున్నది.

1940లో స్టుట్‌గార్ట్‌లో బాష్ పేరిట ఆస్పత్రి ప్రారంభమైంది. 1942 మార్చి 12న తన ఎనభైయవ ఏట ఆయన కన్నుమూశారు. సంస్థ స్వతంత్రంగా కొనసాగాలనీ, దాని రాబడి ప్రజాహితానికి ఉపయోగపడాలనీ ఆయన తన వీలునామాలో నిర్దేశించారు. ఆ ఆశయానికి అనుగుణంగా 1964లో సంస్థ వాటాలలో అత్యధిక భాగం ధర్మసంస్థకు బదిలీ అయ్యాయి. నేడు రాబర్ట్ బాష్ ఫౌండేషన్ అధీనంలో తొంభై శాతానికి పైగా వాటాలు ఉన్నాయి. ఆ వాటాలపై వచ్చే డివిడెండు ఆరోగ్యం, విద్య, దేశాల మధ్య సదవగాహన వంటి కార్యక్రమాలకు వినియోగమవుతున్నది.

భారతదేశంతో అనుబంధం

బాష్ ఉత్పత్తులు ఆయన జీవించి ఉండగానే, 1922లో కలకత్తా ద్వారా భారతదేశానికి వచ్చాయి. స్వాతంత్ర్యానంతరం 1951లో బెంగుళూరు కేంద్రంగా మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ ఏర్పడింది. సంక్షిప్త నామమైన ‘మైకో’తోనే అది దేశమంతటా ప్రసిద్ధి పొందింది. ఆడుగోడి కర్మాగారంలో స్పార్క్ ప్లగ్‌లు, డీజిల్ ఇంజక్షన్ పంపులు తయారయ్యాయి. తరువాత నాసిక్, జైపూర్ నగరాలలోనూ కర్మాగారాలు వెలిశాయి. 2008లో కంపెనీ పేరు బాష్ లిమిటెడ్‌గా మారింది. ఆడుగోడిలోని ఉత్పత్తి బిడదికి తరలగా, పాత ప్రాంగణం నూతన సాంకేతిక కేంద్రంగా 2022లో ప్రారంభమైంది.

పేరు మారినా మెకానిక్కుల నాలుకపై ‘మైకో పంపు’ అన్న మాట చాలాకాలం నిలిచింది. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల డీజిల్ పంపులు విప్పి, శుభ్రపరచి, ప్రతి సిలిండరుకూ సమానంగా ఇంధనం అందేలా సరిచేసే పని ప్రత్యేక విద్యగా వృద్ధి చెందింది. ఎందరో యువకులు పెద్దల వద్ద కూర్చుని ఈ పని నేర్చి జీవనోపాధి పొందారు.

బెంగుళూరులో 1961లో నెలకొల్పిన వృత్తి శిక్షణ కేంద్రం ఈ సంస్థ సేవలలో ప్రత్యేకంగా పేర్కొనదగినది. అదే సంవత్సరం భారత పార్లమెంటు అప్రెంటీస్‌ల చట్టాన్ని ఆమోదించింది. పరిశ్రమలోనే పని నేర్పాలన్న భావనకు చట్టబద్ధత లభించింది.

స్ఫూర్తి

ఆంధ్రప్రదేశ్‌లో మోటారు పరిశ్రమ ఇటీవలి కాలంలో విస్తరిస్తున్నది. పెనుకొండ సమీపంలోని కియా కార్ల కర్మాగారం 2019లో ప్రారంభం కాగా, దానికి అనుబంధంగా విడిభాగాల యూనిట్లు కూడా వచ్చాయి. ఒక కారుకు వేలాది భాగాలు అవసరం. వాటిని తయారుచేసేవి ఎక్కువగా వేరే సంస్థలే. అందువలన వాహన పరిశ్రమ ద్వారా లభించే ఉపాధిలో పెద్ద వాటా విడిభాగాల తయారీదే. ఆ ఉపాధిని అందుకోవలసినవారు ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ విద్యార్థులు.

మరోవైపు విద్యుత్ వాహనాల రాకతో స్పార్క్ ప్లగ్, ఇంజక్షన్ పంపుల అవసరమే తగ్గిపోయే కాలం సమీపిస్తున్నది. ఉల్మ్ సమీపాన రైలు రాకతో వెలవెలబోయిన సత్రం కథ మరొక రూపంలో పునరావృతమవుతున్నది. మాగ్నెటోకు పోటీగా వచ్చిన డీజిల్ ఇంజనుకే పంపు తయారుచేసిన బాష్ అనుభవం ఈ తరుణంలో గుర్తుంచుకోదగినది. పనిముట్లు మారుతాయి. శ్రద్ధగా నేర్చిన చేతికి మాత్రం కొత్త పని దొరుకుతుంది. నేర్పించే గురువు శ్రద్ధ చూపని లోటును పదిహేనేళ్ళ ప్రాయంలో అనుభవించిన ఒక అప్రెంటీస్, తన కర్మాగారంలో అటువంటి లోటు మరొకరికి కలగకుండా చూడాలని తలచారు. మన వర్క్‌షాపులలో, శిక్షణ సంస్థలలో నేడు పని నేర్పుతున్న ప్రతి ఒక్కరికీ ఆ తలంపే రాబర్ట్ బాష్ జీవితం అందించే సందేశం.